అమ్మకి రెక్కంటే ఇష్టం

మన ఇళ్ళల్లో కోడికూర వడ్డించే గరిటెకి కళ్ళుంటాయి. అది గిన్నెలోకి గుడ్డిగా దిగదు. ఏ ముక్క ఏ కంచంలోకి వెళ్ళాలో దానికి ముందే తెలుసు. కాళ్ళు రెండూ ఇంటాయనకి. అల్లుడొస్తే అల్లుడికి. ఎవరూ రాని ఆదివారాల్లో మగపిల్లలకి. కందనకాయ, కార్జం మారాం చేసిన చిన్నవాడికి. రొమ్ము ముక్కలు చుట్టాలకి. మెడ, వీపు, రెక్కలు, గిన్నె అడుగున అంటుకున్న మసాలాతో సహా, వండినావిడకి. ఈ పంపకాల దస్తావేజు ఎవరూ రాయలేదు, ఎవరూ సంతకాలు పెట్టలేదు. అయినా దీనిమీద ఎన్నడూ తగాదా రాదు. రాకుండా కాపాడే వాక్యం ఒకటుంది. "అమ్మకి రెక్కంటే ఇష్టం."

చాలామందిమి ఈ వాక్యం వింటూనే పెరిగాం. కొందరికి అది రెక్క కాకపోతే మాడిన అట్టు, విరిగిన అప్పడం, పెరుగు గిన్నె కడిగిన మజ్జిగ. పైకి చూస్తే ఇదొక సమాచారం మాత్రమే, అమ్మ రుచి గురించిన సమాచారం. దాన్ని కాదనడానికి మనమెవరం? ఒకరి ఇష్టం వాళ్ళది అని కదా మనం ఇన్నాళ్ళూ వాదిస్తున్నది. స్త్రీకి తన ఇష్టం తనకుండాలి అని ఉద్యమాలు చేసినవాళ్ళం, తీరా ఒక స్త్రీ నాకు రెక్క ఇష్టం అంటే, కాదు నీకు తెలీదు, నీకు నిజంగా కాలు ఇష్టం అనగలమా? అనకుండా ఊరుకుంటే, ఆ ఊరుకోవడం ఎవరికి లాభం? లేమిలోంచి పుట్టిన ఇష్టాన్ని గౌరవించడం ఆ మనిషిని గౌరవించినట్టా, ఆ లేమిని గౌరవించినట్టా?

ప్రశ్న పాతదే. నా మటుకు నాకు అది ఓవెన్ తలుపు దగ్గర ఎదురైంది.

ఇప్పుడు నగరాల్లో కోడి రెక్కలు విడిగా దొరుకుతున్నాయి. కోడి మొత్తం కొననక్కర్లేదు. కిలో ప్యాకెట్టులో పది, పన్నెండు రెక్కలుంటాయి. ఒక్కో రెక్కని రెండు కీళ్ళ దగ్గర కోస్తే మూడు భాగాలవుతుంది. భుజం వైపుది బుల్లి కాలులా ఉంటుంది. నడిమిది బల్లపరుపుగా, లోపల రెండు సన్నటి ఎముకలతో ఉంటుంది. మూడోది కొస. దానిలో తోలు, ఎముక తప్ప ఏమీ ఉండదు, రసానికి పనికొస్తుంది. బ్రాయిలర్ కోడిని మనవైపు ఎక్కువమంది తోలు తీయించే కొంటారు. నాటుకోడినైతే కాల్చి, పసుపు రాసి తోలుతోనే వండుతారు. కాల్చే రెక్కలకి మాత్రం తోలు ఉండాల్సిందే. అసలు తినేది దాన్నే. ముక్కల్ని గుడ్డతో తడి లేకుండా అద్ది, ఉప్పు, మిరియాలపొడి, ఒక చెంచా బేకింగ్ పౌడరు పట్టించి, మూత పెట్టకుండా కొన్ని గంటలు ఫ్రిజ్‌లో ఉంచితే తోలు ఎండుతుంది. వంటసోడా కాదు, బేకింగ్ పౌడరే. సోడా వేస్తే చేదు మిగులుతుంది. తర్వాత ట్రే మీద జల్లెడలాంటి తీగల స్టాండు పెట్టి, దానిమీద ముక్కలు పరిచి, 220 డిగ్రీల దగ్గర 40, 45 నిమిషాలు ఉంచాలి. మధ్యలో ఒకసారి తిప్పాలి. కొవ్వు కరిగి కింద ట్రేలోకి కారిపోతుంది, తోలు పెళుసెక్కుతుంది.

తీపి సంగతి ఆఖర్న. పుస్తకాల్లో తేనె అని ఉంటుంది. తేనెని వేడి చెయ్యకూడదని మా ఇంట్లో ఆయుర్వేదం పేరు చెప్పి ఒక నిషేధం ఉంది కాబట్టి నేను బెల్లం తీసుకున్నాను. బెల్లం, చింతపండు గుజ్జు, సోయా సాస్, దంచిన వెల్లుల్లి, ఎండుమిరపకాయల కచ్చాపచ్చా పొడి. ఇవి కలిపి చిక్కబడేదాకా మరిగించి, చివరి ఎనిమిది పది నిమిషాలు ఉందనగా ముక్కలకి పూయాలి. ముందే పూస్తే చక్కెర మాడిపోతుంది. మాంసంలోని అమైనో ఆమ్లాలూ చక్కెరలూ వేడికి కలిసి ఎర్రబడి వాసనలు పుట్టించే ఈ చర్యని 1912లో లూయీ కమీ మెయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వివరించాడు. దానికి ఆయన పేరే పెట్టారు. అంతకుముందు శతాబ్దాల తరబడి ఆ రంగు ఎక్కడ ఆపాలో కళ్ళతోనే తేల్చుకున్న ఆడవాళ్ళ పేర్లు ఏ చర్యకీ పెట్టలేదనుకోండి, అది వేరే వ్యాసం.

"కోడికి బెల్లమా?" అంది అమ్మ. ఆ ఆశ్చర్యంలో రుచి ఒక్కటే లేదు, వావివరసల్లాంటిదేదో ఉంది. తీపికీ మాంసానికీ మన వంటల్లో పెళ్ళి కుదరదు. మాది కృష్ణా తీరం. ముక్కల పులుసులో బెల్లం వెయ్యకపోతే మా వాళ్ళకి ముద్ద దిగదు, కానీ కోడి దగ్గరికొచ్చేసరికి బెల్లం అంటరానిదైపోతుంది. కరీంనగర్ నుంచి వచ్చిన మా వదినకి ఇదంతా వినోదం. "మీ ఆంధ్రోళ్ళు చారుల గుడ బెల్లమేస్తరు, ఇగ కోడిని గుడ విడిచిపెట్టలే" అని నవ్వింది. కారం తట్టుకోవడం మగతనానికి గుర్తయినట్టూ, తీపి పిల్లలదీ ఆడవాళ్ళదీ అయినట్టూ మన నాలుకల మీద కూడా ఒక విభజన ఉందని నాకెప్పుడూ అనుమానం. దాన్ని ఇక్కడ సాగదీయను.

పాకం దగ్గర మాత్రం అమ్మ నన్ను పక్కకి జరిపింది. పుస్తకంలో ఇన్ని నిమిషాలు అని ఉంది. ఆమె నిమిషాలు చూడలేదు. బుడగలు చిన్నవవడం చూసింది, గరిటె ఎత్తి జారే తీరు చూసింది, "తీగపాకం రాకముందే దించాలి, ఓవెన్లో ఇంకా ముదురుతుంది" అని దించేసింది. ప్లేటో 'గోర్గియాస్'లో వంటని కళగా ఒప్పుకోడు. కారణం చెప్పలేని అనుభవపు అలవాటు అంటాడు, పొగడ్తతో కలిపి ఒకే గాటన కడతాడు. మా అమ్మ కారణం చెప్పింది. ప్లేటోకి అలాంటి వంటగదిలోకి వెళ్ళాల్సిన అవసరం రాలేదంతే.

అలా ట్రే బయటికొచ్చింది. ఇరవై నాలుగు ముక్కలు. నేను గమనించిన మొదటి విషయం, గరిటెకి పని లేకపోవడం. కాళ్ళు లేవు, కందనకాయ లేదు, మెడ లేదు. అన్నీ రెక్కలే. ఎవరికి ఏది వెయ్యాలన్న ప్రశ్నే లేదు. అందరూ చేతులతో తీసుకుంటున్నారు. ఆడవాళ్ళకి దక్కే ముక్క ఆ పూట అందరి ముక్క అయింది. పితృస్వామ్యం ఓవెన్లో కాలిపోయిందని సంబరపడేంత అమాయకత్వం నాకు లేదుగానీ, కొంచెం సంతోషం వేసింది.

అది రెండో వాయి దాకా కూడా నిలవలేదు. భుజం వైపు ముక్క బుల్లి కాలులా ఉంటుందన్నాను కదా. మా అన్నయ్య కొడుకు దానికి 'చిట్టి లెగ్ పీస్' అని పేరు పెట్టాడు. క్షణాల్లో మగపిల్లలిద్దరూ ఆ పన్నెండు ఏరుకోవడం మొదలుపెట్టారు. అమ్మ నడిమి ముక్కలు తన వైపు జరుపుకుంది. రెక్కలోపల కూడా కాలు వెతుక్కుని, దాని చుట్టూ మళ్ళీ అంతస్తులు కట్టుకోగలం మనం.

నాలుగైదు ఆదివారాలు గడిచాయి. పిల్లలకి రెక్కల మీద మోజు పెరిగింది. మామూలు కూర వండిన రోజు కూడా "రెక్క నాకు, రెక్క నాకు" అనడం మొదలైంది. అప్పుడు జరిగినదే నన్ను ఈ వ్యాసం దాకా తెచ్చింది. అమ్మ రెక్కలు రెండూ పిల్లల కంచాల్లో వేసేసి, తను మెడ వేసుకుంది. నేను చూస్తున్నానని గమనించి, "నాకు మెడంటే ఇష్టం" అంది.

అన్నాలయ్యాక అడిగాను. "నీకు రెక్క ఇష్టం కదమ్మా?"

"ఇష్టమే. పిల్లలు తింటున్నారుగా."

"ఎప్పుడైనా కాలు తిన్నావా?"

కాసేపు ఆలోచించింది. "పెళ్ళైన కొత్తల్లో మీ నాన్నగారు తన కంచంలోంచి తీసి పెట్టారోసారి. మీ నాయనమ్మ చూశారు."

"చూసి?"

"చూశారు, అంతే."

తర్వాత నేను ఇంకేదో అడగబోతే, "నా కంచంలో ఏముందో కూడా నీ పరిశోధనేనా?" అని లేచి వెళ్ళింది. ఆ కోపం నాకు న్యాయంగానే తోచింది. అందుకే ఆ ప్రశ్నని ఆమె నుంచి తీసుకొచ్చి ఇక్కడ, మన మధ్య పెడుతున్నాను.

అందని ద్రాక్ష పుల్లన అంటాం. యాన్ ఎల్‌స్టర్ 1983లో 'సోర్ గ్రేప్స్' అనే పుస్తకం రాసినప్పుడు ఈ నక్క కథనే పట్టుకున్నాడు. అందే అవకాశాలకి తగ్గట్టు మనసు కోరికల్ని కత్తిరించుకుంటుంది, అదీ మనకి తెలియకుండానే. అలాంటి కోరికలు తీరినంత మాత్రాన న్యాయం జరిగిందని లెక్క వేసుకోకూడదు అని ఆయన వాదన. అయితే నక్క ద్రాక్షని తిడుతుంది. మా అమ్మ ఎప్పుడూ కాలుని తిట్టలేదు. ఆమెది మరో వైపు సర్దుబాటు. అందిన రెక్క తియ్యన.

మార్తా నస్‌బామ్ 2000లో వచ్చిన 'విమెన్ అండ్ హ్యూమన్ డెవలప్‌మెంట్'లో ఈ చర్చకి మన మహబూబ్‌నగర్ ఆడవాళ్ళనే సాక్ష్యంగా తెచ్చింది. తీవ్రమైన పోషకాహార లోపంతో, మంచినీటి వసతి లేని ఊళ్ళో ఉన్నా, ప్రభుత్వ చైతన్య కార్యక్రమం రాకముందు వాళ్ళకి తమ పరిస్థితి అన్యాయంగా అనిపించలేదట. మరోలా ఉండొచ్చని తెలియకపోవడమే దానికి కారణం అంటుందామె. ఇంకా వెనక్కి వెళితే, 1944లో కలకత్తా దగ్గర సింగూరులో జరిగిన ఒక ఆరోగ్య సర్వేని అమర్త్య సేన్ తన రచనల్లో చాలాసార్లు ప్రస్తావించాడు. భార్యలు పోయిన మగవాళ్ళలో దాదాపు సగంమంది తమ ఒంట్లో బాగాలేదనో, అంతంతమాత్రంగా ఉందనో చెప్పుకున్నారు. భర్తలు పోయిన ఆడవాళ్ళలో అలా చెప్పినవాళ్ళు అతి కొద్దిమంది. వైద్యులు పరీక్షించి చూసిన ఆరోగ్యం దీనికి పొంతన లేకుండా ఉంది. అడిగితే బాగానే ఉన్నామని చెప్పే ఆడవాళ్ళ బాగుని నమ్మొద్దని సేన్ చెప్పింది అక్కడి నుంచే.

ఈ మాటలన్నీ చదివినప్పుడు నేను తల ఊపాను. ఇప్పుడు అంత తేలిగ్గా ఊపలేను. బాగానే ఉన్నానని అమ్మ అంటే, అలా అనుకుంటోంది కాబట్టి అందా, లేక అడిగినవాళ్ళకి అంతకంటే చెప్పి ప్రయోజనం లేదు కాబట్టి అందా? బీనా అగర్వాల్ 1997లో ఇంటిలోపలి బేరసారాల గురించి రాసిన వ్యాసంలో వేసిన మెలిక ఇదే. బయటికి ఎదిరించనంత మాత్రాన ఆడవాళ్ళు లోపల ఒప్పుకున్నట్టు కాదు. ఎదిరిస్తే పోయేదేమిటో వాళ్ళకి బాగా తెలుసు. ఆ తెలివిని అజ్ఞానం అనుకోవడం చదువుకున్నవాళ్ళ పొరపాటు అంటుంది. "మీ నాయనమ్మ చూశారు" అన్న మాటలో అజ్ఞానం ఎక్కడుంది? నలభై ఏళ్ళ కిందటి ఒక చూపు ఖరీదు ఎంతో కచ్చితంగా గుర్తుపెట్టుకున్న మనిషి మాట అది. ఒక కోడికాలు కోసం ఆ ధర ఎవరు చెల్లిస్తారు?

అలాగని రెక్క ఇష్టం నటన అని కూడా అనలేను. అది తినడం అమ్మకి వచ్చినట్టు మా ఇంట్లో ఎవరికీ రాదు. నడిమి ముక్కలో రెండు ఎముకల మధ్య సన్నగా ఉండే కండే కోడి మొత్తంలో రుచైనదని నాకు నేర్పింది ఆమె. కొసని మెలితిప్పి సన్న ఎముకని ముందు లాగేస్తే మిగతాది ఒక్క పట్టుకి వస్తుందని చూపించింది. కాలు తినడానికి ఏ నేర్పూ అక్కర్లేదు, పళ్ళుంటే చాలు. మిగిలినదాన్ని రుచిగా మార్చుకున్నవాళ్ళ జ్ఞానం నిజమైన జ్ఞానమే. సెరీన్ ఖాదర్ 2011లో ఈ విషయం మీద ఒక పుస్తకమే రాసింది. లేమికి అలవాటుపడిన ఇష్టాలున్న స్త్రీలకి సొంత ఆలోచన లేదని తేల్చెయ్యొద్దని, వాళ్ళతో కలిసి కూర్చుని మాట్లాడకుండా వాళ్ళ మేలు నిర్ణయించొద్దని ఆమె చెప్పింది. నాకు ఇది మిగతావాళ్ళ కంటే దగ్గరగా అనిపిస్తుంది. కలిసి కూర్చుని మాట్లాడబోతే లేచి వెళ్ళిపోయేవాళ్ళతో ఏం చెయ్యాలో మాత్రం మనమే వెతుక్కోవాలి.

నా అభిప్రాయం ఒకటి చెప్తాను. ఇష్టం అసలుదా నకిలీదా అని తవ్వడం వల్ల పెద్దగా తేలేది లేదు. ఎవరి ఇష్టమైనా ఎక్కడో ఒకచోట అలవాటులోంచి పుట్టిందే. మా నాన్నగారికి కాలు ఇష్టం కావడమూ అలాంటిదే, దాన్ని మనం ఎన్నడూ పరీక్షకి పెట్టలేదు. అడగాల్సింది వేరు. ఆమె కాలు కావాలని అంటే ఏమవుతుంది? ఎవరైనా చూస్తారా? చూడకపోతే, లేదా చూసినా ఏమీ కాకపోతే, అప్పుడు ఆమె రెక్క అడిగితే అది ఆమె ఇష్టం. అప్పటిదాకా ఆ వాక్యం ఆమె గురించి చెప్పే దానికంటే మన గురించే ఎక్కువ చెబుతుంది. అది వడ్డించేవాళ్ళకి సౌకర్యం, తినేవాళ్ళకి మనశ్శాంతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019-21) ప్రకారం ఈ దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది, అదే వయసు మగవాళ్ళలో 25 శాతానికి. ఇదంతా కోడిముక్కల వల్లేనని నేననడం లేదు. నెలసరులూ కాన్పులూ నులిపురుగులూ ఎన్నో ఉన్నాయి. కానీ ఆ అంకె వెనక ఎన్ని వంటిళ్ళల్లో "ఆమెకి అదే ఇష్టం" అనే మాట వినబడుతూ ఉంటుందో ఊహించుకోవచ్చు.

రెక్కకి ఇంకో జీవితం కూడా ఉంది. అది అమెరికాలో మొదలైంది. న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలో అనే ఊరు. ('బఫెలో వింగ్స్' అని మెనూలో చూసి, గేదెకి రెక్కలేమిటే అని మా పిన్ని అడిగింది.) 1964లో అక్కడి యాంకర్ బార్‌లో తెరెసా బెలిసిమో అనే ఆవిడ, అప్పటిదాకా సూప్‌లోకి తప్ప పనికిరావనుకున్న రెక్కల్ని నూనెలో వేయించి, వెన్నా మిరపసాసూ కలిపి పట్టించి పెట్టిందని కథ. కాల్విన్ ట్రిలిన్ 1980లో న్యూయార్కర్ పత్రికలో ఈ కథ తవ్వితే రెండు మూడు రూపాలు బయటపడ్డాయి. భర్త ఫ్రాంక్ చెప్పినదాంట్లో, వేరే ముక్కలకి బదులు పొరపాటున రెక్కలు వచ్చిపడ్డాయి. కొడుకు డామినిక్ చెప్పినదాంట్లో, అది శుక్రవారం రాత్రి, కేథలిక్కులు మాంసం తినరు కాబట్టి అర్ధరాత్రి దాటగానే తినడానికి వాళ్ళమ్మ ఏదో చేసిపెట్టింది. ఏ రూపంలో చూసినా వండింది తెరెసాయే. కొడుకు కథలో మరీ మనకి బాగా తెలిసిన దృశ్యం ఉంది. అర్ధరాత్రి మగపిల్లలకి ఆకలేస్తే లేచి, ఉన్న పనికిరాని ముక్కలతో ఏదో ఒకటి చేసిపెట్టే తల్లి. 1977లో ఆ నగరం జులై 29ని కోడిరెక్కల దినంగా ప్రకటించింది.

ట్రిలిన్ వ్యాసంలోనే ఇంకో మనిషి కనిపిస్తాడు, జాన్ యంగ్. నల్లజాతి వాడు. అదే ఊళ్ళో, అదే దశాబ్దంలో, నల్లవాళ్ళుండే పేటలో రెక్కల్ని కొయ్యకుండా మొత్తంగా పిండిలో ముంచి వేయించి, మంబో సాస్ అనే తీపీ పులుపూ కారమూ కలిసిన సాసుతో అమ్మేవాడు. ఊరికి పేరు తెచ్చిన కథలో చాలాకాలం ఆయన పేరు లేదు. తెల్లవాళ్ళ బారులో ఒక స్త్రీ చేస్తే అది ఆవిష్కరణ అయింది, నల్లవాళ్ళ పేటలో రోజూ అమ్మితే అది తిండి మాత్రమే. వంటల చరిత్రలో స్త్రీ పేరు కనిపించిందని మనం సంతోషించే చోట కూడా ఇంకెవరి పేరు చెరిగిందో చూసుకోవాలి. నా ట్రేలోని బెల్లం, చింతపండు, మిరప ముచ్చటగా కలిసిన పాకం నిజానికి తెరెసా కంటే యంగ్‌కే దగ్గర.

ఆ తర్వాత రెక్క ధర పెరిగింది. పారేసే ముక్క కాస్తా మగవాళ్ళు బీరుతో ఆటలు చూస్తూ తినే ముక్క అయింది. ఫుట్‌బాల్ ఫైనల్ రోజున ఆ దేశంలో వందకోట్లకు పైగా రెక్కలు తింటారని అక్కడి కోళ్ళ పరిశ్రమ సంఘం ఏటా అంచనా చెబుతుంది. 1983లో ఫ్లోరిడాలో మొదలైన హూటర్స్ హోటళ్ళలో రెక్కల పక్కనే చాలీచాలని బట్టల్లో వడ్డించే ఆడపిల్లలు కూడా ఆకర్షణలో భాగం. మాంసానికీ స్త్రీ శరీరానికీ మధ్య బంధాన్ని 1990లో తన పుస్తకంలో చర్చించిన కరోల్ ఆడమ్స్‌కి ఉదాహరణలు వెతుక్కోవాల్సిన పనిలేదు. నేను గమనించేది మాత్రం ఒక కదలిక. విలువ లేనంతకాలం ముక్క స్త్రీది. విలువ రాగానే అది ఆమె చేతిలోంచి జారుతుంది. మా ఇంట్లో అమ్మ రెక్క నుంచి మెడకి జరగడమూ, ఆ దేశంలో రెక్క వంటింటి రసం గిన్నె నుంచి బారు బల్ల మీదికి ఎక్కడమూ ఒకే దారి అనిపిస్తుంది.

ఇక ట్రేలోని సమానత్వం గురించి. పన్నెండు రెక్కలంటే ఆరు కోళ్ళు. నాటుకోడి ఒక్కటే ఉన్నప్పుడు దానికి రెండే కాళ్ళు, కంచాలేమో అయిదో ఆరో. అప్పుడే కదా ఎవరికేది అన్న ప్రశ్న పుట్టేది. డేవిడ్ హ్యూమ్ దీన్ని 1739-40లోనే చెప్పాడు. అన్నీ సమృద్ధిగా ఉంటే న్యాయం అనే సుగుణంతో పనే ఉండదు, కొరత ఉన్నచోటే దాని అవసరం. అంటే నా ట్రే న్యాయం చెయ్యలేదు. న్యాయం అవసరం లేని పరిస్థితిని డబ్బిచ్చి కొనుక్కుంది. దాని వెనక ఆరు వారాల్లోనే రెండు కిలోలకి పెంచబడి, తన కాళ్ళ మీద తనే సరిగ్గా నిలబడలేని పక్షులున్నాయి. కోళ్ళని కోసి, శుభ్రం చేసి, ముక్కల్ని వేరుచేసే చేతులున్నాయి. మిగతా కాళ్ళూ రొమ్ములూ మరే కంచాల్లోకో వెళ్ళాయి. ఇంటి లోపలి తూకం సరిచెయ్యడానికి బయట ఎంత బరువు వేశామో లెక్కలోకి రాదు.

ట్రే గురించి ఇంకో మాట. మా అన్నయ్య ఇది చూసి ఉత్సాహపడి ఒక ఆదివారం తనే చేశాడు. బాగా వచ్చింది. అందరం మెచ్చుకున్నాం, ఫొటోలు తీశాం. అమ్మ నలభై ఏళ్ళలో వండిన ఏ కూరకీ ఫొటో లేదు. మాడిన బెల్లం పాకం ట్రేకి రాయిలా పట్టుకుంటుంది, రాత్రంతా వేణ్ణీళ్ళలో నానబెట్టినా ఓ పట్టాన వదలదు. మర్నాడు పొద్దున దాన్ని తోమింది అన్నయ్య కాదు, మేమూ కాదు.

అక్కడికే వస్తున్నాను. విమల 'వంటిల్లు' కవిత 1993లో 'నీలిమేఘాలు' సంకలనంలో చేరేనాటికి వంటింటిని ఒక నిర్బంధంగా చూడటం మనకి అలవాటైంది. ఆ కవిత లేకపోతే నాలాంటివాళ్ళం ఈ వ్యాసాలు రాసేవాళ్ళం కాదు. కానీ ఆ తర్వాత దళిత, బహుజన రచయిత్రులు ఎవరి వంటిల్లు అని అడిగారు. గోగు శ్యామల 'నల్లపొద్దు' సంకలనం తెచ్చేసరికి ఆ ప్రశ్నని పక్కనపెట్టే వీల్లేకపోయింది. ఒక కోడిలో నాకు కాలు దక్కలేదు అనడానికి ముందు ఇంటికి ఒక కోడి రావాలి. వంటిల్లు చెర అనడానికి ముందు వంటకంటూ ఒక గది ఉండాలి. పై కులాలు అసహ్యించుకున్న బోటీనీ వజ్రీనీ గొప్ప రుచిగా మలిచిన ఇళ్ళల్లో, మిగిలిన ముక్క అన్న మాటకి అర్థమే వేరు. అక్కడ మిగిల్చినవాళ్ళు ఇంట్లోని మగవాళ్ళు కారు.

మా ఇంట్లో అందరికంటే ఆఖర్న తినేది అమ్మ అని మేం ఎప్పుడూ అనుకుంటాం. అమ్మ తర్వాత ఇంకొకరున్నారు. ట్రే తోమేది ఆవిడే. కోడి వండిన మర్నాడు ఆవిడకి విడిగా ఉంచిన స్టీలు డబ్బాలో కూర వెళ్తుంది. అందులో ఏ ముక్కలుంటాయో ఎవరూ ప్రత్యేకంగా నిర్ణయించరు, ఉన్నవి ఉంటాయి. ఒకసారి నేను దానిలో మరో రెండు ముక్కలు వెయ్యబోతే అమ్మ ఆపింది. విసుగేం లేదు, మామూలుగానే చెప్పింది. "అవొద్దులే, ఆవిడకి మెడంటేనే ఇష్టం."

ఆ మాట వినగానే అమ్మ మొహం వైపు చూశాను. దాంట్లో వ్యంగ్యం లేదు. ఆమె దాన్ని నమ్మే చెప్పింది, ఒకప్పుడు నాయనమ్మ నమ్మి చెప్పినట్టే. ఆవిడని అడిగితే అవునమ్మా ఇష్టమే అంటుందని నాకు తెలుసు. కాదంటే ఎవరు చూస్తారో, ఏమవుతుందో ఆవిడకి అమ్మకంటే బాగా తెలుసు. నేను అడగడం కూడా ఆ చూపుల్లో ఒకటే అవుతుంది. కాబట్టి డబ్బాలో ఏం వెయ్యాలి అన్నది ఆవిడ ఇష్టాన్ని కనిపెట్టే సమస్య కాదు, కాలు ముక్క ముందు వేసి తర్వాత మాట్లాడాల్సిన సమస్య. ఇప్పుడు డబ్బా నేనే సర్దుతున్నాను. ఇది పరిష్కారమని అనను. డబ్బా ఇంకా విడిగానే ఉంది.

పోయిన సంక్రాంతికి ఊళ్ళో నాటుకోడి కోశారు. ఒక్కటే. తినేవాళ్ళం ఏడుగురం. రెక్కల ట్రే ఇక్కడ పనికిరాదు. గరిటె నా చేతిలో ఉంది. నాన్నగారూ, అన్నయ్యా, పిల్లలూ అందరూ కూర్చున్నారు. అమ్మని కూడా కూర్చోబెట్టాం, ఆమె కూర్చోవడానికి అయిదు నిమిషాలు పట్టింది. ఒక కాలు ఆమె కంచంలో వేశాను. పెద్ద పిల్లాడు "నాన్నమ్మకా?" అన్నాడు. ఎవరూ బదులు చెప్పలేదు. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కొరికి, నిదానంగా నమిలింది. సగం తిన్నాక కంచం పక్కకి పెట్టి, "ఏముందే దీంట్లో, అంతా కండేగా. నడిమి ముక్క ఉంటే ఇటు వెయ్యి" అంది.